నాలుగంకెల కోసం మాస్కు తీశాను

ఇప్పుడు రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలుగుతున్నాను. మా ఇల్లు మూడో అంతస్తులో ఉంది కాబట్టి మధ్యలో ఒకచోట ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తాను. లిఫ్టు లేదా అంటారు. ఉంది. ఎక్కొద్దని డాక్టరమ్మ చెప్పింది, ఊపిరితిత్తులకు పని చెప్పాలట. వాటికి పని చెప్పేవాళ్ళు ఈ మధ్య కాస్త ఎక్కువయ్యారు.

ఇది రాయడానికి కారణాలు రెండు. ఇలాంటిది మీ ఇంటి దగ్గర జరిగితే ఏ తప్పులు చేయకూడదో చెప్పడం ఒకటి. ఆ తప్పులు నేను స్వయంగా చేశాను కాబట్టి అనుభవం మీద చెప్పగలను. రెండో కారణం పగ. పగతో రాసినవి చదవడం ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు. నేనేమీ అనుకోను. కొద్దిగా అనుకుంటాను.

ఆ ఆదివారం

మాది నిజాంపేటలో నాలా, అంటే మురుగుకాలువ, పక్కన అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. అమ్మేటప్పుడు బిల్డరు దాన్ని నాలా అనలేదు. "పడమర అంతా ఓపెన్ అండి, ఎవడూ అడ్డం కట్టలేడు" అన్నాడు. నిజమే, ఇప్పటిదాకా ఎవడూ కట్టలేదు. కింద సెల్లారు. అందులో కార్లు, నీళ్ళ మోటార్లు, నాలా వైపు మూలన వాచ్‌మన్ యాదగిరి, ఆయన భార్య లచ్చమ్మ ఉండే గది. నేను అసోసియేషన్ సెక్రటరీని. ఆ పదవికి పోటీ ఉండదు. మీటింగుకు ఎవరు ఆలస్యంగా వస్తే వాళ్ళని ఎన్నుకుంటారు.

ఆ మధ్యాహ్నం వాన మొదలైన పావుగంటకి వాసన వచ్చింది. గోళ్ళ రంగులో కుళ్ళిన గుడ్లు నానబెట్టినట్టు ఉంది. మా ఆవిడ సునీత వంటింట్లోంచి "గ్యాసా?" అంది. మనకు చిన్నప్పటి నుంచీ ఒకటే పాఠం కదా: గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకు, కిటికీలు తెరువు. వెంటనే అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాను: "ఎక్కడో సిలిండర్ లీకవుతోంది. దయచేసి అందరూ తలుపులు, కిటికీలు పూర్తిగా తెరవండి." నలభై ఇళ్ళవాళ్ళూ తెరిచారు. నా మెసేజ్‌ని అందరూ పాటించడం అదే మొదటిసారి.

వాసన బయటి నుంచి వస్తోంది.

అది తెలియక యాదగిరికి ఫోన్ చేశాను. "కింద ఎవరైనా సిలిండర్ పెట్టారేమో, లీకవుతోందేమో చూడు."

"గ్యాస్ లెక్క లేదు సార్ ఇది. కండ్లు మండుతున్నయి."

"అయినా ఒకసారి అంతా తిరిగి చూడు."

తిరిగాడు. సెక్రటరీ చెప్పాడు కాబట్టి ప్రతి కారు కిందకీ వంగి మరీ చూశాడు. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేలని అంటిపెట్టుకుని పాకుతుంది, నాలా వైపు జాలీల్లోంచి తిన్నగా సెల్లారులోకి దిగుతుంది. ఈ సంగతులన్నీ నాకు తరవాత ఆసుపత్రి మంచం మీద తెలిశాయి. అరగంటైనా ఫోన్ ఎత్తకపోతే కిందికి వెళ్ళాను. మోటార్ల దగ్గర గోడకి చేరబడి కూర్చుని ఉన్నాడు. లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన్ని లేపాలని చూస్తోంది. ఇద్దరినీ పైకి తెచ్చేసరికి నాకూ నా వాటా అందింది.

మొదట వచ్చింది ఫైరింజను. అందులో దిగిన పెద్దాయన ఒక్కసారి ముక్కు ఎగబీల్చి, పైకి చూసి, "కిటికీలు తెరవమన్న మహానుభావుడెవరు?" అన్నాడు. నలభై ఇళ్ళవాళ్ళు నా వైపు చూశారు. ఆయన తిట్టలేదు. "మూయించండి. సందుల్లో తడిగుడ్డలు పెట్టుకోండి. ఎవరూ కిందికి దిగొద్దు" అని, దగ్గరుండి మూయించి, మంట లేదు కాబట్టి తమ పని అయిపోయిందని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రోజు పనికొచ్చిన మాట చెప్పిన ప్రభుత్వం ఆయనొక్కడే.

తరవాత ఫోన్లు. గాలి చూసే ఆఫీసువాళ్ళు, "నాలాలో వదిలారంటున్నారు కదా, అది నీళ్ళవాళ్ళకి చెప్పండి" అన్నారు. నాలా చూసే ఆఫీసువాళ్ళు, "వాసనంటున్నారు కదా, అది గాలివాళ్ళది" అన్నారు. దగ్గుకుంటూ నాలుగు చోట్లకి చేశాను. చివరికి యాప్‌లో ఫిర్యాదు రాస్తే ఒక నంబరు వచ్చింది. ఆ నంబరు చూసి నాకు ధైర్యం కలిగింది. నేను కొండాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇలాంటి నంబర్లు ఇచ్చే ఉద్యోగమే చేస్తాను. అయినా ధైర్యం కలిగింది.

సోమవారం నుంచి శనివారం దాకా

మర్నాడు పొద్దున బ్రష్ చేసుకుంటుంటే గాలి సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఛాతీలో ఎవరో తడి ఇసుక పోసి తొక్కినట్టు ఉంది. ఎమర్జెన్సీ ముందు కుర్చీల్లో నా టోకెను కోసం కూర్చున్నాం. పక్కన ఎవరో క్యాబ్ డ్రైవరు, తన ఎక్స్‌రే కవరుతో నాకు విసరడం మొదలుపెట్టాడు. ఆయన టోకెను వచ్చాక కూడా లేవలేదు. "మీరు వోయిరాండ్రి సార్, నాది కాలు, ఎక్కడికీ వోదు" అని నన్ను ముందు పంపాడు. పేరు అడగలేదు. అడగాలంటే ఊపిరి కావాలి.

నన్ను అక్కడే చేర్చుకుని ఆక్సిజన్ మాస్కు పెట్టారు. యాదగిరిని ముందురోజే సర్కారు దవాఖానలో చేర్చారు. లచ్చమ్మ రోజూ సునీతకి ఫోన్ చేసేది. "మాట్లాడ్తలేడమ్మా, సైగలే జేస్తుండు" అన్న రోజు సునీత ఫోన్ పెట్టేసి నా మంచం పక్కన నిలబడింది.

"కిందికి పంపింది నువ్వే కదూ?"

మాస్కు ఉంది కదా, జవాబు చెప్పనక్కర్లేదు. ఆ వారంలో మాస్కు నాకు చేసిన మేలుల్లో అదొకటి.

బుధవారం ఫోన్ మోగింది. నా చెయ్యి అలవాటుగా ఎత్తింది. "సార్, మీ కంప్లయింట్ గురించండి. ఓటీపీ ఒకటి వచ్చుంటుంది, చెప్తారా?" అంది ఒక మర్యాదైన గొంతు. మన పేటల్లో రోజుకి ఎన్ని ఓటీపీలు చెబుతాం? కూరగాయలకి ఒకటి, సిలిండరుకి ఒకటి, ఆటోకి ఒకటి. ఇంటికి ఏదో వస్తుందనే నమ్మకంతో చెబుతాం. నేను ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి, ఊపిరి కూడదీసుకుని, నాలుగంకెలూ స్పష్టంగా చెప్పాను. మళ్ళీ మాస్కు పెట్టుకున్నాను.

రెండు నిమిషాల్లో మెసేజ్ వచ్చింది. "తనిఖీ సమయంలో ఎటువంటి వాసన గమనించబడలేదు. ఫిర్యాదుదారుడు సంతృప్తి చెందారు. ఫిర్యాదు మూసివేయబడినది."

తనిఖీ సోమవారం మధ్యాహ్నం, మంచి ఎండలో జరిగిందట.

నేను కోపిష్టిని కాదు. పాతికేళ్ళ సర్వీసులో "యూజర్ స్పందించలేదు" అని రాసి ఎన్ని ఫిర్యాదు టికెట్లు మూశానో నాకే తెలియదు. మూసేవాడి బాధ నాకు తెలుసు. కానీ సంతృప్తి అన్న మాట దగ్గర ఏదో తెగింది. అదే రోజు ఊపిరి వ్యాయామానికి మూడు గోలీల పెట్టె ఇచ్చారు. గొట్టంలోంచి గాలి లోపలికి పీలిస్తే బలాన్ని బట్టి ఒకటీ, రెండూ, మూడూ లేస్తాయి. నాకు ఒకటి వణికింది. నర్సు "గుడ్ సార్" అంది. మూడో గోలీ లేపుతాను, తరవాత ఆ సంతృప్తి సంగతి చూస్తాను అనుకున్నాను. ఆ రోజు నుంచి బాగా పీల్చాను. పగ ఊపిరితిత్తులకి మంచిదని వైద్యులు ఎందుకు చెప్పరో మరి.

తరవాతి నెల

యాదగిరి నా కన్నా తొమ్మిది రోజులు ఆలస్యంగా ఇంటికి వచ్చాడు. దవాఖానలో స్పష్టంగా చెప్పి పంపారు: ఇంకొకసారి ఈ గాలి తగిలితే ఈ పని చేయలేడు. ఆయన మాటల్లో, "ఇగ నాగర్‌కర్నూలు బస్సే సార్." సొంతూళ్ళో కూలికి పోవడానికీ ఊపిరి కావాలి. అసోసియేషన్ మీటింగు పెట్టి, వాళ్ళిద్దరినీ మేడ మీద గదికి మార్చాను. కానీ గేటు, మోటార్లు, వాల్వులు అన్నీ కిందే. వాన పడితే దిగొద్దని చెప్పాం. వాన అందరికీ చెప్పి రాదు.

వదిలేది ఎవరో కూడా తెలిసింది. నాలాకి పైన, మందుల కంపెనీలకి ముడిసరుకు చేసే ఒక రేకుల షెడ్డు. మిగిలిపోయిన ద్రావకం తొట్టిలో దాచి, వాన రాగానే పైపు తిప్పుతారు. వాన వాళ్ళకి ప్రకృతి పంపిన ట్యాంకరు. ఎండ వచ్చాక ఆఫీసువాళ్ళు వచ్చి వాసన చూస్తారు. ఒకరు వానలో, ఒకరు ఎండలో పని చేసుకుంటారు, ఎదురుపడే ఇబ్బంది ఉండదు.

ఆ నెలలో మూడుసార్లు వదిలారు. మూడుసార్లూ కిటికీలు మూశాం, తడిగుడ్డలు పెట్టాం. మొదటిసారి వదిలినప్పుడే నేను గ్రూపులో ఇంకో మెసేజ్ పెట్టాను: "ప్రతి ఇంటి నుంచీ ఒక ఫిర్యాదు. ఓటీపీ చెబితేనే వాళ్ళు మూయగలరు, ఎవరూ చెప్పొద్దు. బతిమాలినా చెప్పొద్దు." నా మెసేజ్‌ని అందరూ పాటించడం అది రెండోసారి.

ఈ ఆయుధం పదును ఎంతో చెప్పింది సునీతే. తను ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. "నెల దాటితే స్క్రీన్ మీద ఎర్రగా వస్తుంది. సోమవారం రివ్యూలో పెద్దాఫీసరు ఎర్రవి పేరుపేరునా చదువుతారు. ఒకటి ఉంటేనే నాకు ఆదివారం అన్నం దిగదు" అంది. ఆ మాట అన్నందుకు తను తరవాత చాలా బాధపడింది.

నెల దాటిన శుక్రవారం, నా దగ్గర ఓటీపీ తీసుకున్న ఆ మర్యాదైన గొంతే మళ్ళీ ఫోన్ చేసింది. మా ఫిర్యాదులు చూసే ఇంజినీరట. "సార్, నా పేరు మీద నలభై ఎర్రవి ఉన్నాయండి."

"నేరుగా వస్తే చెబుతానండి" అన్నాను. ఫోన్‌లో వాతావరణం చూసి, "రేపు మూడింటికి రండి" అన్నాను.

ఆ శనివారం

మూడింటికి వచ్చాడు. ముప్పై అయిదు ఉంటాయి. సన్నగా, చెమటతో, చేతిలో ఫైలు. గేటు దగ్గరే ఎదురెళ్ళాను.

"కారు సెల్లారులో పెట్టుకోండి, ఆ మూల గది పక్కన ఖాళీ ఉంది."

"ఇక్కడే రోడ్డు మీద పెడతానండి, రెండు నిమిషాల పనే కదా."

"అబ్బే, ఎండకి పాడైపోతుంది."

పైకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. "మీదెక్కడండి?" అన్నాను. "అమలాపురం దగ్గరండి" అన్నాడు. ఇంక అతని పని అయిపోయిందని నాకు తెలిసిపోయింది. ఆ వైపు మనిషి పెట్టినదాన్ని వద్దనలేడు. పెసరట్టు వచ్చింది. అందులో ఉప్మా వచ్చింది. "ఇంకొక్కటి వేసుకోండి, మొహమాటపడకండి" అన్నాను. "ఓటీపీ అండీ..." అన్నాడు. "తినేటప్పుడు ఆఫీసు మాటలేంటండి" అన్నాను.

వంటింట్లోకి వెళితే సునీత అట్లకాడ పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఆయన కారు కింద ఎందుకు పెట్టించావు?"

"ఎండ కదా."

"ఎండేదీ?"

కిటికీలోంచి చూస్తే ఆకాశం పెనం లాగా ఉంది.

"వద్దు ప్రసాదూ. ఆయన కూడా నాలాంటి ఉద్యోగే. నువ్వు మూయలేదా ఎన్నో?"

"నేను మూసినవాటికి ఎవరికీ ఊపిరి ఆగలేదు. కాఫీ పెట్టు. రెండు పెట్టు, నిదానంగా పెట్టు."

మూడో అట్టు దగ్గర వాన మొదలైంది. పెద్ద వాన. ఇంజినీరు లేచి, రివ్యూకి కాగితాలు చేసుకోవాలన్నాడు. కాఫీ ఇచ్చాను. గడియారం చూశాను. పావుగంట దాటాక, "కింద మీ కారు దగ్గర చెబుతానండి ఓటీపీ, పదండి" అని లిఫ్టు దాకా సాగనంపాను. "మీరు దిగుతూ ఉండండి, నేను మెట్ల మీద వస్తాను. డాక్టరు ఆర్డరు." అబద్ధం కాదు.

ర్యాంపు మొదట్లో ఆగాను. అక్కడికే వాసన కొడుతోంది. పది నిమిషాలు అనుకున్నాను. యాదగిరి అరగంట తిరిగాడు, ఈయన పది నిమిషాలు నిలబడితే చాలు. సెల్లారులోంచి మొదట దగ్గు వినిపించింది. తరవాత తాళంచెవి కింద పడిన చప్పుడు. కళ్ళు మండి కనబడక నేల తడుముతున్నాడని అర్థమైంది. నాకు ఎంత హాయిగా ఉందో రాయను. సునీత చదువుతుంది.

అప్పుడు నా పక్కనుంచి ఎవరో దూసుకెళ్ళారు. తల చుట్టూ తడి తువ్వాలు. యాదగిరి.

"వద్దు!" అని అరిచాను. అరిచాననుకున్నాను. దగ్గొచ్చింది. పరిగెత్తబోతే నాలుగడుగులకే ఊపిరి అందక ఆగిపోయాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను లెక్కేయనిది ఒక్కటే: కింద మనిషి దగ్గుతుంటే ఆ వాచ్‌మన్ ఊరుకోడు. అతని ఊపిరితిత్తుల కోసమే ఇదంతా అని చెప్పుకున్నాను. అతను ఆ ఊపిరితిత్తులు తీసుకుని కిందికి వెళ్ళిపోయాడు.

నాలుగు నిమిషాలు. ఇంజినీరుని భుజం పట్టుకుని ఈడ్చుకొచ్చి నా ముందు దింపాడు. తువ్వాలు తీసి ఆయన కళ్ళ మీద నీళ్ళు పోశాడు. తరవాత తను వంగి దగ్గడం మొదలుపెట్టాడు. మధ్యలో తలెత్తి, "గాయన పరేషాన్ అయితుంటే చూసుకుంట నిలవడ్డరేంది సార్?" అన్నాడు.

ఇంజినీరు అరుగు మీద కూర్చున్నాడు. కళ్ళు మందారాల్లా ఉన్నాయి. వాటిని తుడుచుకుని, "ఇదేనా అండీ?" అన్నాడు.

"ఇదేనండి."

"ఎప్పుడూనా?"

"వాన పడినప్పుడల్లా. ఎండలో ఉండదు. మీరు గమనించే ఉంటారు."

ఆ బొంగురు గొంతుతోనే నాలుగు ఫోన్లు చేశాడు. గాలివాళ్ళనీ నీళ్ళవాళ్ళనీ ఒకేసారి రమ్మన్నాడు. నలభై నిమిషాల్లో సీసాలు పట్టుకుని వ్యాను వచ్చింది. వాసన ఉండగా సీసాలు నిండటం అదే మొదటిసారి. వానలోనే నాలా వెంట పైకి నడిచి పైపు పట్టుకున్నారు. పై వారం షెడ్డుకి సీలు పడింది. కొత్త నివేదికలో "తనిఖీ సమయంలో తీవ్రమైన వాసన గమనించబడినది" అని ఉంది. గమనించబడటం అంటే ఏమిటో ఆయనకి రెండు రోజులు కళ్ళలో చుక్కలు వేసుకుంటే తెలిసింది.

ఇప్పుడు

యాదగిరికి ఆ రాత్రే మళ్ళీ ఆయాసం మొదలైంది. దవాఖానలో రెండు రోజులు ఉంచుకుని పంపారు. మందు ఆవిరి పట్టే మెషీను మా ఇంట్లో ఉంది కాబట్టి రోజూ వచ్చి పట్టుకుంటాడు. ఆయనయ్యాక నేను. మా ఇద్దరికీ మాస్కులు వేరు, మెషీను ఒకటే.

మూడో రోజు మాస్కు తీసి చెప్పాడు. "మీరు నన్ను రొండుసార్లు కిందికి తోలిన్రు సార్. ఒకసారి తెల్వక. ఇంకోసారి తెలిసి."

"రెండోసారి నిన్ను నేను పంపలేదు, యాదగిరీ."

"గాయన్ని తోలిన్రు గదా. ఇగ నేను గాక ఎవరు పోతరు?"

నాకు మాస్కు పెట్టుకునే వంతు రాలేదు. అందుకని, తప్పయింది అన్నాను. లచ్చమ్మ గుమ్మంలోంచి, "గట్టిగ చెప్పున్రి సార్, ఆయనకు ఒక చెవు వినవడది" అంది. మళ్ళీ చెప్పాను. సునీత వంటింట్లోంచి, "నాకూ వినబడలేదు" అంది.

మోటార్ల స్విచ్చులు పైకి మార్పించాను. మీకు చెప్పాల్సింది కూడా చెప్పేస్తాను. ఘాటు బయటి నుంచి వస్తుంటే కిటికీలు మూయండి, సందుల్లో తడిగుడ్డ పెట్టండి, పైకి వెళ్ళండి, కిందికి ఎవరినీ పంపకండి. గ్యాసో కాదో తెలియకపోతే ఫైరింజను వాళ్ళని అడగండి, సెక్రటరీని అడక్కండి. వానలో జరిగింది వానలోనే చూడమని పట్టుబట్టండి. మీ నాలుగంకెలు మీ దగ్గరే ఉంచుకోండి.

నా ఫిర్యాదు ఇంకా తెరిచే ఉంది. మిగతా ముప్పై తొమ్మిది ఇళ్ళవాళ్ళనీ చెప్పేయమన్నాను, వాళ్ళు చెప్పేశారు. నాదొక్కటే ఎర్రగా ఉంది. సోమవారం సోమవారం పొద్దున్నే ఇంజినీరు ఫోన్ చేస్తాడు. పోయిన సోమవారం ఆ ఫోన్ వచ్చేసరికి యాదగిరి మా హాల్లో గోలీల పెట్టె పట్టుకుని ఉన్నాడు.

"ఏం చేద్దాం?" అన్నాను. "నువ్వు చెప్పమంటే చెప్పేస్తా. నాకేం పట్టింపు లేదు."

యాదగిరి పెట్టె వైపు చూశాడు. ఫోన్ వైపు చూశాడు. అంత మంచి మనిషి, నేను ఆశ వదులుకున్నాను.

"మూడో గోలీ లేసినంక చెప్దాం సార్" అన్నాడు.

నేను ఫోన్ ఎత్తాను.

"సార్, పైపు మూసేశాం, సీలు వేశాం, కేసు కూడా పెట్టాం. ఇంకా ఏం మిగిలిందండి? రివ్యూ పదింటికి."

యాదగిరి గొట్టం నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, లాగడం మొదలుపెట్టాడు.

"రెండు లేచాయండి" అన్నాను. "మూడోది కదులుతోంది. లైన్లో ఉండండి."